హెడర్లు వేసినాక టిక్ టిక్ సౌండ్ వస్తాందా? ఎగ్జాస్ట్ లీకు యాడుందో పట్టి ఎలా ఆపాలి

కంపెనీ మానిఫోల్డ్ (ఇంజన్ నుంచి ఎగ్జాస్ట్ గ్యాస్ బయటికి తెచ్చే భాగం) తీసేసి దాని చోట బయట హెడర్లు, అంటే సిలిండర్‌కు ఒక విడి పైపు ఉండే సెట్టు, వేయించుకున్న కార్లలో చాలావాటికి వచ్చే కంప్లైంట్ ఇది. పొద్దున్నే స్టార్ట్ చేస్తే ఇంజన్ దగ్గర టిక్ టిక్ మని కొడుతుంది, రేస్ ఇస్తే ఇంకా స్పీడుగా కొడుతుంది, ఒక పది నిమిషాలు నడిచి వేడెక్కినాక సౌండ్ తగ్గిపోతుంది, సాయంత్రం మళ్ళీ చల్లగా ఉన్నప్పుడు స్టార్ట్ చేస్తే మళ్ళీ అదే. మెకానిక్ దగ్గరికి పోతే గ్యాస్కెట్ మారుస్తాడు, రెండు వారాలు బాగుంటుంది, మళ్ళీ మొదలు. గ్యాస్కెట్ మీద గ్యాస్కెట్ మార్చి డబ్బులు పోగొట్టుకున్నోళ్ళు కర్నూల్లో, అనంతపురంలో, కడపలో నాకు తెలిసినోళ్ళే చాలామంది ఉన్నారు, అందుకే ఇంత వివరంగా రాస్తున్నా.

ఒక్క మాట మొదట్లోనే చెప్తా, మిగతా అంతా దీని చుట్టూనే తిరుగుతుంది. లీకు గ్యాస్కెట్ వల్ల రావడం తక్కువ. హెడర్ ఫ్లేంజ్, అంటే ఇంజన్ హెడ్డుకు ఆనే ప్లేటు, చదునుగా లేకపోవడం వల్ల, లేదంటే పైపులు సరిగ్గా కలవకపోతే బోల్టులతో బలవంతంగా లాగి బిగించడం వల్ల ఎక్కువ వస్తుంది. హెడర్ చేత్తో పెడితేనే హెడ్డు మీద సరిగ్గా కూర్చోవాల, నట్లు దాన్ని అట్లే పట్టుకోడానికి మాత్రమే.

ముందు ప్రాణం సంగతి

ఎగ్జాస్ట్ గ్యాస్‌లో కార్బన్ మోనాక్సైడ్ ఉంటుంది, దానికి రంగు లేదు, వాసన లేదు. హెడర్ లీకు ఇంజన్ వెనక, అంటే డ్యాష్‌బోర్డు వైపు ఉంటే ఆ గ్యాస్ అద్దం కింద జాలీలోంచి ఏసీ గాలితో లోపలికి వస్తుంది. మనవైపు ఎండాకాలం బండి ఆపుకొని ఏసీ వేసుకొని లోపలే కూర్చునే అలవాటు చాలామందికి ఉంది, లీకు ఉన్న బండిలో మాత్రం ఆ పని అస్సలు చేయొద్దు, పిల్లలను అసలే కూర్చోబెట్టొద్దు. బండిలో పోతాంటే తలనొప్పి, తల తిరగడం, వికారం అనిపిస్తే అద్దాలు దించి వెంటనే పక్కకు ఆపి బయటికి రండి. రిపేరు కూడా మూసిన షెడ్డులో ఇంజన్ ఆన్ చేసి చేయొద్దు, బయట గాలి ఆడే చోట పెట్టుకోండి.

అది లీకేనా, ట్యాపెట్ (ఇంజన్ లోపల వాల్వుల దగ్గరి) సౌండా?

రెండూ దాదాపు ఒకే మాదిరి వినపడతాయి. తేడా పట్టడానికి ఒక మంచి పద్ధతి ఉంది. ఇంజన్ ఐడిల్‌లో ఉన్నప్పుడు ఒక్కొక్క సిలిండర్ ఇంజెక్టర్ కనెక్టర్ పీకి చూడండి, ఒకటి పీకి విని, మళ్ళీ పెట్టి, ఇంకోటి పీకి. ఆ సిలిండర్‌లో పెట్రోల్ కాలదు కాబట్టి ఎగ్జాస్ట్ దెబ్బ బలహీనం అవుతుంది, లీకు ఆ సిలిండర్ దగ్గరే ఉంటే టిక్ సౌండ్ పోతుంది లేదా బాగా తగ్గుతుంది. ట్యాపెట్ సౌండ్ అయితే మారదు. కొంతమంది ప్లగ్ కాయిల్ పీకుతారు, అది వద్దు, కాలని పెట్రోల్ పోయి క్యాటలిటిక్ కన్వర్టర్‌లో, అంటే పొగను శుభ్రం చేసే డబ్బాలో పడుతుంది. చెక్ ఇంజన్ లైట్ వెలుగుతుంది ఈ టెస్టుకు, భయపడొద్దు, తర్వాత స్కానర్‌తో క్లియర్ చేసుకోవచ్చు.

ఇంగ వేరే గుర్తులు కూడా ఉన్నాయి. గేర్‌లో యాక్సిలరేటర్ వదిలితే సైలెన్సర్‌లో టపటపా పేలడం, మైలేజీ తగ్గడం, స్కానర్‌లో పి0171 అనే లీన్ (పెట్రోల్ తక్కువ, గాలి ఎక్కువ) కోడ్ రావడం. ఎందుకంటే ఎగ్జాస్ట్ గ్యాస్ ఒకే ప్రెషర్‌తో పోదు, దెబ్బ దెబ్బగా పోతుంది, దెబ్బకు దెబ్బకు మధ్య పైపులో ప్రెషర్ బయట గాలి కంటే తగ్గుతుంది, అప్పుడు లీకులోంచి బయట గాలి లోపలికి లాగుతుంది. ఆ గాలి ఆక్సిజన్ సెన్సర్‌కు తగిలితే ఇంజన్‌లో పెట్రోల్ తక్కువైందని ఈసీయూ (ఇంజన్ కంప్యూటర్) అనుకుంటుంది, అవసరం లేకున్నా పెట్రోల్ ఎక్కువ కొడుతుంది. అందుకే సౌండ్ చిన్నదేలే అని వదిలేయొద్దు, పవర్ కోసం హెడర్లు వేయించి పెట్రోల్ అంతా ఇట్ల పోగొట్టుకుంటే ఏం లాభం.

లీకు యాడుందో పట్టడం

ఇంజన్ పూర్తిగా చల్లగా ఉన్నప్పుడు చేయాల. వ్యాక్యూమ్ క్లీనర్‌కు గాలి ఊదే వైపు ఉంటుంది కదా, ఆ పైపు తెచ్చి సైలెన్సర్ చివర పెట్టి చుట్టూ గుడ్డ చుట్టి ఊదనీయండి. బాటిల్‌లో నీళ్ళు, కొంచెం షాంపూ కలిపి హెడర్ ఫ్లేంజ్ చుట్టూ, ప్రతి వెల్డింగ్ మీద, కలెక్టర్ (పైపులన్నీ ఒకటయ్యే చోటు) జాయింట్ మీద, ఆక్సిజన్ సెన్సర్ మొదట్లో స్ప్రే చేయండి. బుడగలు యాడ లేస్తే ఆడ లీకు. టైరు పంక్చర్ చూసినట్లే. పైనుంచి కనపడని చోట మొబైల్ కెమెరా పెట్టి వీడియో తీసి చూసుకోండి.

వ్యాక్యూమ్ క్లీనర్ లేకపోతే పొద్దున చల్లగా ఉన్నప్పుడు స్టార్ట్ చేసి, ఇంకొకరిని చేతికి గ్లౌజ్ వేసుకొని మందం గుడ్డతో సైలెన్సర్ చివర రెండు మూడు సెకన్లు మూయమని చెప్పండి, మీరు ముందు నిలబడి వినండి, బుస్ మని వస్తుంది. పాత లీకులైతే ఆ చోట నల్ల మసి గీతలాగా పడి ఉంటుంది, హెడర్ తీసినాక గ్యాస్కెట్ మీద కూడా ఆ మసి కనపడుతుంది. ఆ గ్యాస్కెట్ పారేయొద్దు, ఏ పోర్టు (గ్యాస్ పోయే రంధ్రం) దగ్గర, పైనా కిందా, యాడ కొట్టిందో అదే మీకు చెప్తుంది.

లీకు ఫ్లేంజ్ దగ్గరా, కలెక్టర్ దగ్గరా, వెల్డింగ్ పగులా, సెన్సర్ దగ్గరా అనేది ఖాయం చేసుకున్నాకే పానా పట్టుకోండి. అన్నిటికీ ఒకటే మందు లేదు.

విప్పడం

ముందు రోజు రాత్రే నట్లకు డబ్ల్యూడీ-40 లాంటిది ఏదైనా బాగా కొట్టి పెట్టండి, పొద్దున మళ్ళీ ఒకసారి. ఎండాకాలం అయితే పొద్దున 6, 7 గంటలకే మొదలుపెట్టండి, మధ్యాహ్నం మన ఎండకు బానెట్ కింద చేయి పెట్టలేరు. బ్యాటరీ నెగటివ్ తీసేయండి, సెన్సర్ వైరు జాగ్రత్తగా పక్కకు పెట్టండి. నట్టు కదలకపోతే బలంగా లాగొద్దు, కొంచెం బిగించి కొంచెం లూజ్ చేసి, ముందుకూ వెనక్కూ ఆడించి తీయాల. అల్యూమినియం హెడ్డులో స్టడ్ (నట్టు ఎక్కించే మర కడ్డీ) విరిగితే అది పెద్ద పని, డ్రిల్ వంకర పోతే హెడ్డే దించాల్సి వస్తుంది. విరిగిందంటే మీరు డ్రిల్ పట్టుకోకుండా, విరిగిన ముక్క మీద నట్టు పెట్టి వెల్డింగ్ చేసి తిప్పి తీసేటోళ్ళు ఉంటారు, వాళ్ళతో చేయించండి. మర పోయుంటే హెలికాయిల్, అంటే కొత్త మరగా పనిచేసే తీగ చుట్ట, వేయించుకోవాల.

స్టడ్లు రెండు చివర్లలోనే ఎక్కువ ఎందుకు విరుగుతాయో తెలుసా? ఇది అర్థం చేసుకుంటే సగం పని అయినట్లే. స్టెయిన్‌లెస్ స్టీల్ వేడికి బాగా సాగుతుంది. 40 సెంటీమీటర్ల ఫ్లేంజ్ 300 డిగ్రీలు వేడెక్కితే సుమారు 2 మిల్లీమీటర్లు పొడవు పెరుగుతుంది. ఇంజన్ హెడ్డు అల్యూమినియమే కానీ కూలెంట్ వల్ల 100 డిగ్రీల దగ్గరే ఉంటుంది కాబట్టి అంత సాగదు. అంటే ఫ్లేంజ్ చివర్లు ప్రతిసారీ హెడ్డు మీద పక్కకు జరగాల, మళ్ళీ వెనక్కి రావాల. కంపెనీ మానిఫోల్డుల్లో చివరి హోల్స్ పెద్దగా లేదా పొడుగుగా ఉంచేది దీనికే. బయట హెడర్లలో చాలావాటికి అన్ని హోల్స్ టైటుగా ఒకే సైజులో వేసి ఉంటారు. అట్లాంటిదైతే మధ్యలో హోల్స్ వదిలేసి, చివరి హోల్స్ ఫ్లేంజ్ పొడుగు వైపుకు 1 నుంచి 2 మిల్లీమీటర్లు రౌండ్ ఫైల్‌తో సాగదీయండి, పైన మందమైన వాషర్ వేయండి.

ఫ్లేంజ్ చదును చూడడం, ఇదే అసలు పని

హెడర్ తీసినాక గ్యాస్కెట్ ముక్కలు గీకేయండి. హెడ్డు వైపు ప్లాస్టిక్ స్క్రేపర్ మాత్రమే వాడండి, అల్యూమినియం మీద ఇనుము గీత పడితే అదే లీకు దారి అవుతుంది, గ్రైండర్ బఫ్ అసలు పెట్టొద్దు. పోర్టుల్లో గుడ్డలు కుక్కి పెట్టుకోండి చెత్త లోపల పడకుండా, తర్వాత తీయడం మర్చిపోవద్దు.

ఇప్పుడు మంచి స్టీల్ స్కేల్ ఫ్లేంజ్ మీద నిలువుగా నిలబెట్టి, ట్యాపెట్ సెట్టింగ్‌కు వాడే ఫీలర్ గేజ్ కింద దూర్చి చూడండి. పొడవుగా ఒకసారి, ఐమూలగా రెండుసార్లు, ప్రతి పోర్టు చుట్టూ విడిగా. 0.10 మిల్లీమీటర్ల బ్లేడ్ యాడా దూరకపోతే మీ ఫ్లేంజ్ బాగుంది. 0.10 నుంచి 0.25 వరకు దూరితే చేత్తో సరిచేసుకోవచ్చు. అంతకంటే ఎక్కువైతే లేత్ షాపుకు తీసుకపోయి ఫేసింగ్ కొట్టించాల, వేరే దారి లేదు, గ్యాస్కెట్ రెండు వేస్తే ఆగుతుందని చెప్తే నమ్మొద్దు.

వెల్డింగ్ చేసినప్పుడే ఫ్లేంజ్ వంగుతుంది. తక్కువ రేటు హెడర్లలో 5, 6 మిల్లీమీటర్ల ప్లేటు వాడి ఉంటారు, అది వేడికి అరటికాయ మాదిరి వంపు తిరుగుతుంది. 8 నుంచి 10 మిల్లీమీటర్ల ఫ్లేంజ్ ఉన్నదే కొనండి, కొనేముందు అడగండి, ఆన్‌లైన్‌లో తెప్పించినా, బెంగళూరు, హైదరాబాద్ నుంచి తెచ్చుకున్నా డబ్బా తెరిచిన వెంటనే స్కేల్ పెట్టి చూడండి. ఇంకొకటి, పోర్టు లోపలి అంచున వెల్డింగ్ బొబ్బ ఫ్లేంజ్ ముఖం కంటే పైకి లేచి ఉంటుంది కొన్నిసార్లు, అది ఒక్కటి ఉన్నా ఎంత బిగించినా కూర్చోదు. దాన్ని ఫైల్‌తో సమానం చేయండి.

చేత్తో సరిచేయడానికి చదునైన చోటు కావాల. మన జిల్లాల్లో దానికి కొరత లేదు, పాలిష్ చేసిన కడప బండ వంటింట్లో మిగిలిన ముక్క ఉన్నా చాలు, అయితే ముందు స్కేల్ పెట్టి బండ చదునుగా ఉందో లేదో చూసుకోండి, పాలిష్ మెరిసినంత మాత్రాన చదును అని కాదు. 10, 12 మిల్లీమీటర్ల మందం అద్దం ముక్క దొరికితే అది బండ కంటే ఇంకా మేలు. దాని మీద 80 నంబర్ ఎమరీ పేపర్ అంటించి, కొంచెం ఆయిల్ వేసి, ఫ్లేంజ్ ముఖం మీద మార్కర్‌తో గీతలు గీసి, ఎనిమిది ఆకారంలో రుద్దండి. గీతలు యాడ చెరిగితే ఆడ ఎత్తు, యాడ మిగిలితే ఆడ పల్లం. అన్ని పోర్టుల చుట్టూ గీతలు పూర్తిగా చెరిగేదాకా రుద్దాల. చేతులు నొప్పి పుడతాయి, గంటా రెండు గంటలు పడుతుంది, అయినా లీకు ఆగేది ఈ పనితోనే కాబట్టి ఓపిగ్గా చేయండి. పైపులు పొడుగ్గా ఉండి బరువు ఒకవైపు లాగుతుంది, ఇంకొకరు పైపులు పట్టుకుంటే సమానంగా అరుగుతుంది.

గ్యాస్కెట్, నట్లు

మీ ఇంజన్‌కు కంపెనీ గ్యాస్కెట్ దొరికితే అదే వేయండి, కానీ హెడర్ పోర్టు పెద్దదై గ్యాస్కెట్ అంచు గ్యాస్ దారిలోకి వస్తుందేమో పెట్టి చూసుకోండి, దారిలో ఉన్న అంచు కాలిపోయి ఆడినుంచే లీకు మొదలవుతుంది. మల్టీ లేయర్ స్టీల్ గ్యాస్కెట్ చాలా గట్టిది, కాకపోతే రెండు ముఖాలూ బాగా చదునుగా ఉండాల. గ్రాఫైట్ గ్యాస్కెట్ కొంచెం ఎత్తుపల్లాలు సర్దుకుంటుంది. ఒకవైపు ఇనుప రేకు, ఒకవైపు గ్రాఫైట్ ఉంటే మామూలుగా ఇనుప వైపు హెడర్‌కు ఆనాల, అప్పుడు ఫ్లేంజ్ సాగినప్పుడు దాని మీద జారుతుంది, అయినా ప్యాకెట్ మీద రాసిందే ఫైనల్. రాగి గ్యాస్కెట్ అయితే వేసేముందు ఎర్రగా కాల్చి నీళ్ళలో ముంచండి, మెత్తబడుతుంది. రాగిది తప్ప వేరే ఏదీ రెండోసారి వాడొద్దు.

ఎర్ర సిలికాన్ పేస్ట్ పూయడం మాత్రం మానేయండి. అది 300, 350 డిగ్రీల వరకే తట్టుకుంటుంది, హెడర్ పోర్టు దగ్గర ఫుల్ లోడ్‌లో గ్యాస్ 700, 800 డిగ్రీలు ఉంటుంది. కాలిపోవడం ఒకటి, దాని ఆవిరి ఆక్సిజన్ సెన్సర్‌ను పాడుచేయడం ఇంకొకటి.

నైలాన్ లాక్ నట్లు వద్దు, నైలాన్ కరిగిపోతుంది. స్ప్రింగ్ వాషర్ కూడా ఆ వేడికి మెత్తబడి పనికిరాకుండా పోతుంది. రాగి పూత ఉన్న ఎగ్జాస్ట్ లాక్ నట్లు దొరుకుతాయి, అవి వాడండి. మర మీద కాపర్ గ్రీజు కొంచెం పూస్తే తర్వాత విప్పేటప్పుడు స్టడ్ విరగదు.

బిగించే వరుస

గ్యాస్కెట్ స్టడ్లకు తొడిగి హెడర్ ఎత్తి పెట్టండి, నట్లు అన్నీ వేలితోనే తిప్పండి. కలెక్టర్ కింద పైపుకు ఇంకా కలపొద్దు. ఇప్పుడు హెడర్ తనంతట తాను హెడ్డుకు అంటుకొని ఉండాల. కింద పైపు కలెక్టర్‌కు ఎదురుగా రావాల, కొంచెం తేడా ఉంటే సర్దుకుంటుంది, ఒక వేలు మందం పక్కకు ఉంది అనుకోండి, జాకీ పెట్టి ఎత్తి బోల్టు దూర్చొద్దు. ఆ పైపు కోసి మళ్ళీ సరైన కోణంలో వెల్డింగ్ చేయించండి. జాకీ పెట్టి లాగి బిగించిన హెడర్ ఎప్పుడూ ఫ్లేంజ్‌ను ఒకవైపు లాగుతానే ఉంటుంది, నెలకో గ్యాస్కెట్ పోయేది ఇట్లాంటి బండ్లకే.

సరిపోయిందనుకుంటే కలెక్టర్ బోల్టులు లూజుగా వేసి, సైలెన్సర్ హ్యాంగర్ రబ్బర్లు తగిలించి, ముందు హెడ్డు వైపు నట్లు బిగించండి. మధ్యలో నట్లతో మొదలుపెట్టి అటొకటి ఇటొకటి చివర్ల వైపు పోవాల. ఒకేసారి ఫుల్ టైట్ చేయొద్దు, మూడు విడతలుగా. ఎం8 స్టడ్లకు మామూలుగా 20 నుంచి 25 న్యూటన్ మీటర్లు, అంటే 10, తర్వాత 18, తర్వాత ఫైనల్. మీ ఇంజన్ సర్వీస్ మాన్యువల్లో ఎంత ఉంటే అంతే. టార్క్ రెంచ్ లేకపోతే అద్దెకో అప్పుకో తెచ్చుకోండి, చేతి అంచనాతో అందరూ అవసరం కంటే ఎక్కువే బిగిస్తారు. హెడ్డు అయినాక కలెక్టర్, చివరికి వెనక క్లాంపులు.

కలెక్టర్, సెన్సర్, వెల్డింగ్ పగుళ్ళు

కలెక్టర్ మూడు బోల్టుల ఫ్లేంజ్ అయితే హెడ్డు ఫ్లేంజ్‌కు చేసినట్లే చదును చూసి కొత్త గ్యాస్కెట్ వేయండి. స్ప్రింగ్ బోల్టుల జాయింట్ అయితే స్ప్రింగ్ పూర్తిగా అణిగేదాకా బిగించొద్దు, ఇంజన్ ఊగినప్పుడు అది ఆడాల. పైపులో పైపు దూరే జాయింట్ అయితే ఇంజన్ వైపు పైపు లోపల, వెనక పైపు బయట ఉండాల, యూ క్లాంప్ పైపును నొక్కి సొట్ట చేస్తుంది, దానికంటే వెడల్పు బ్యాండ్ క్లాంప్ మేలు. ఎగ్జాస్ట్ పుట్టీ పేస్ట్ పనికొచ్చేది ఈ జాయింట్‌లో మాత్రమే, ఫ్లేంజ్ మీదా పగుళ్ళ మీదా రాస్తే గట్టిపడి ఊడిపోతుంది.

ఆక్సిజన్ సెన్సర్ మొదట్లో లీకుంటే వాషర్ చూడండి, హెడర్‌కు వెల్డింగ్ చేసిన నట్టు చుట్టూ పిన్‌హోల్ ఉందేమో చూడండి, సెన్సర్‌ను సుమారు 40 న్యూటన్ మీటర్లకు బిగిస్తే చాలు.

పైపు పగిలితే పగులు రెండు చివర్లలో 3 మిల్లీమీటర్ల డ్రిల్‌తో చిన్న హోల్ వేసి, శుభ్రం చేసి, ఆర్గాన్ వెల్డింగ్ చేయించండి. 304 స్టెయిన్‌లెస్‌కు 308ఎల్ ఫిల్లర్, స్టెయిన్‌లెస్‌ను మామూలు ఇనుముకు కలపాలంటే 309ఎల్ అడగండి. వెల్డింగ్ చేసేటప్పుడు ఫ్లేంజ్‌ను మందం ప్లేటుకు బోల్టులతో బిగించి చేయమనండి, లేకపోతే మీరు రుద్దిన పని అంతా పోయి మళ్ళీ వంగుతుంది. బండి మీదనే వెల్డింగ్ చేస్తామంటే ఒప్పుకోవద్దు.

ఒకే చోట మళ్ళీ మళ్ళీ పగులుతాంటే తప్పు హెడర్‌ది కాదు, ఇంజన్ మౌంటింగ్ రబ్బర్లు చూడండి. హ్యాండ్ బ్రేక్ వేసి క్లచ్ మెల్లగా వదిలితే ఇంజన్ గట్టిగా ఎగురుతుందంటే మౌంటింగ్ పోయింది. హెడర్లు వేసేటప్పుడు కంపెనీ ఫ్లెక్స్ పైపు (ఇంజన్ ఊపుకు వంగే పైపు) తీసేసి డైరెక్ట్ పైపు వేసుంటే అది కూడా ఇదే పని చేస్తుంది, ఇంజన్ ఊగిన ప్రతిసారీ ఆ దెబ్బ ఫ్లేంజ్ మీద పడుతుంది. ఫ్లెక్స్ మళ్ళీ పెట్టించండి.

వేడి చేసి మళ్ళీ బిగించడం

స్టార్ట్ చేసి ఐడిల్‌లో పదిహేను నిమిషాలు ఉంచండి, కొత్త గ్యాస్కెట్ నుంచి కొంచెం పొగ వస్తుంది, పోతుంది. ఆపేసి రాత్రంతా చల్లారనీయండి. పొద్దున చల్లగా ఉన్నప్పుడే మళ్ళీ అదే వరుసలో అదే టార్క్ పెట్టండి, వేడి మీద బిగించొద్దు. ఒక వంద కిలోమీటర్లు తిరిగినాక ఇంకోసారి. ఈ రెండు సార్లు మళ్ళీ బిగించకుండా వదిలేస్తే ఇంత కష్టమూ వృథా.

హీట్ ర్యాప్ (పైపుల మీద చుట్టే వేడి ఆపే పట్టీ) చుట్టాలనుకుంటే లీకు లేదని ఖాయం అయినాకే చుట్టండి, చుట్టినాక బుడగలు కనపడవు.

లోడ్ మీద చూడాలంటే కడప వాళ్ళకు గువ్వలచెరువు ఘాట్ ఉంది, రాయచోటి వైపు ఎక్కేటప్పుడు రెండో గేర్, మూడో గేర్‌లో అద్దాలు దించి వినండి, కర్నూలు, అనంతపురం వాళ్ళు హైవే మీద ఫ్లైఓవర్ ఎక్కేటప్పుడు విన్నా తెలుస్తుంది. ఇంటికొచ్చి చల్లారినాక షాంపూ నీళ్ళ టెస్ట్ ఇంకోసారి చేయండి. హెడర్లు కంపెనీ మానిఫోల్డ్ కంటే కిందికి వేలాడతాయి కొన్ని బండ్లలో, పల్లెల్లో గుర్తులు లేని స్పీడ్ బ్రేకర్‌కు కలెక్టర్ తగిలితే అదే రోజు కింద పడుకొని జాయింట్ చూసుకోండి.

క్యాటలిటిక్ కన్వర్టర్ తీసేసే ఆలోచన ఉంటే మానుకోండి, కొత్త బండ్లలో చాలావాటికి అది మానిఫోల్డ్‌లోనే కలిసి ఉంటుంది కాబట్టి హెడర్ కొనేముందే క్యాట్ యాడ వస్తుందో అడగండి. మోటారు వాహనాల చట్టం 190(2) కింద శబ్దం, పొగ నిబంధనలు దాటితే 2019 సవరణ తర్వాత ఫైన్ 10,000 రూపాయల దాకా వేయొచ్చు. కంపెనీ మానిఫోల్డ్, దాని హీట్ షీల్డ్, బోల్టులు ఒక గోనెసంచిలో కట్టి, తుప్పు పట్టకుండా ఆయిల్ రాసి దాచిపెట్టండి, బండి అమ్మేటప్పుడో ఫిట్‌నెస్ టైంలోనో అవి కావాల్సి వస్తాయి.